మెడ లేని తూటా

పోర్ట్ బ్లెయిర్ పట్టణానికి 2024లో శ్రీ విజయపురం అని పేరు మారింది. అక్కడి నుంచి పడమరగా బయలుదేరిన రోడ్డు పట్టణపు సందడి సద్దుమణగగానే గుట్టల నడుమ మెలికలు తిరగడం ప్రారంభిస్తుంది. ఒక వంక పోకతోటలు, మరొక వంక కొబ్బరిచెట్లు, పల్లంలో వరిమళ్ళు, వాటన్నిటి మీదికీ ఒరిగి చూస్తున్నట్టు అడవి. పాతిక కిలోమీటర్లు నిండకముందే చౌల్దారీ వస్తుంది.

సెల్యులర్ జైలు చూసుకొని, ఓడ ఎక్కి దూరపు దీవుల తెల్లని ఇసుకతిన్నెలకు వెళ్ళిపోయే యాత్రికుడికి ఈ ఊరితో పని పడదు. ఇక్కడ కోట లేదు, స్మారకస్తంభం లేదు. ఉన్నదల్లా ఆలోచింపజేసే పేరు ఒక్కటే. సిపాయిలు వేసుకొనే చిన్న గుడారాన్ని హిందుస్తానీలో ‘ఛోల్దారీ’ అంటారు. ఊరిపేరు చెవిని పడగానే ఆ మాట గుర్తుకు రాక మానదు. ఈ దీవులలో సిపాయి వేసిన గుడారం వెనుక చరిత్ర ఏమిటని అడిగితే, సమాధానం మనిషి పిడికిలిలో ఇమిడిపోయేంత చిన్న వస్తువు దగ్గరకు తీసుకుపోతుంది. ఆ వస్తువు తూటా.

కాగితపు తూటా కట్టిన ఊళ్ళు

1857లో కలకత్తా సమీపాన బారక్‌పూర్ కంటోన్మెంటులో సిపాయిల చేతికి ఇవ్వబోయిన ఎన్‌ఫీల్డ్ రైఫిల్ తూటా ఇత్తడిది కాదు, కాగితానిది. అందులో మందూ గుండూ పొట్లం కట్టి ఉండేవి. గుండు తేలికగా జారడానికి పైన కొవ్వు పూసేవారు. సిపాయి ఆ పొట్లపు కొనను పంటితో కొరికి చించి, మందును గొట్టంలో పోయాలి. ఆ కొవ్వు ఆవుదనీ పందిదనీ పుట్టిన అనుమానం అదివరకే రగులుతున్న అసంతృప్తికి నిప్పంటించింది. మార్చి 29న మంగళ్ పాండే తుపాకీ ఎత్తాడు. మే నెలలో మీరట్ లేచింది. ఆ పైది దేశమంతా ఎరిగిన కథే.

ఆ తిరుగుబాటును అణచిన తరువాత పట్టుబడినవారిని ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నకు ప్రభుత్వం కనుగొన్న జవాబే అండమాన్. 1858 మార్చి 10న జె.పి. వాకర్ అనే అధికారి 200 మంది ఖైదీలతో పోర్ట్ బ్లెయిర్ రేవులో దిగాడు. వారి చేతనే అడవి కొట్టించారు, పల్లాలు చదును చేయించారు. సత్ప్రవర్తనతో కొన్నేళ్ళు గడిపిన ఖైదీకి కొంత భూమి ఇచ్చి, స్వయంగా సాగు చేసుకొని బతకమన్నారు. దక్షిణ అండమాన్ లోయలలో పల్లెలు అలా మొదలైనాయి. ఒక తూటా మీది అపనమ్మకమే లేకపోతే ఈ రోడ్డూ, ఈ వరిమళ్ళూ ఇదే రూపంలో ఉండేవని చెప్పలేము.

అయితే 1858లోనే మరొక పని కూడా జరిగింది. చరిత్ర పుస్తకాలలో దానికి అరుదుగా చోటు దక్కుతుంది. ఎన్‌ఫీల్డ్ రైఫిల్ గొట్టం లోపల సర్పిలాకారంగా గాళ్ళు ఉంటాయి. గుండు ఆ గాళ్ళ వెంట గిరగిర తిరుగుతూ బయటికి వస్తుంది. ఆ తిరుగుడే గుండును సూటిగా దూరం పంపుతుంది. ఎన్‌ఫీల్డ్ కన్నం 0.577 అంగుళం. దాని గురిపలక మీద 900 గజాల దూరానికి కూడా అంకెలు ఉండేవి. తిరుగుబాటు అణగిన పిమ్మట దేశీయ సిపాయిల కోసం తయారైన ‘1858 నమూనా’ తుపాకీ పైకి చూడటానికి అచ్చంగా ఎన్‌ఫీల్డే. లోపల మాత్రం ఆ గాళ్ళను తొలిచివేసి, కన్నాన్ని 0.656 అంగుళానికి పెంచి నున్నగా చేశారు. దూరాన్ని బట్టి పైకీ కిందికీ జరిపే గురిపలకను తీసివేశారు. సిపాయి చేతిలో తుపాకీ ఉన్నది, దూరం మాత్రం లేదు.

నమ్మకం లేనివాడి చేతికి ఆయుధం ఇవ్వవలసి వచ్చినప్పుడు ఏలికకు తోచిన ఉపాయం ఇది. ఆయుధాన్ని లాగుకోనక్కరలేదు, దాని కొలత మారిస్తే చాలు. ఈ ఉపాయం ఇంకో అరవై డెబ్బై ఏళ్ళకు మళ్ళీ అక్కరకు వచ్చింది. అప్పటికి తూటా కాగితాన్ని విడిచి ఇత్తడి కట్టుకున్నది.

ఇత్తడి నేర్చిన ఒదుగు

1866 ప్రాంతంలో బ్రిటిష్ సైన్యం పాత ఎన్‌ఫీల్డులను వెనుక నుంచి మందు కూరేలా మార్చింది. వాటికే స్నైడర్ తుపాకులని పేరు. వాటికోసం బాక్సర్ అనే అధికారి పలుచని ఇత్తడి రేకును చుట్టి గొట్టంగా చేసిన తూటాను రూపొందించాడు. 1871లో మార్టినీ-హెన్రీ రైఫిల్ వచ్చింది. దాని గుండు సన్ననిది, 0.450 అంగుళానిది. మందు మాత్రం ఎక్కువ కావాలి. తూటాను సన్నగా చేస్తే మరీ పొడుగైపోతుంది. అప్పుడు స్నైడర్ తూటా అడుగునే తీసుకొని, పొడవు పెంచి, పై భాగాన్ని మాత్రం సన్నని గుండుకు సరిపడేలా నొక్కారు. అడుగు 577, మూతి 450. అందుకే దాని పేరులో ఈనాటికీ రెండు అంకెలూ పక్కపక్కనే నిలిచి ఉన్నాయి.

ఒక కొలత తూటా గొట్టం నుంచి మరొక కొలత తూటా గొట్టాన్ని తీర్చే విద్యకు మూలసూత్రం ఇదే. అడుగున ఉన్న అంచును మార్చడం కష్టం. తుపాకీ తూటాను పట్టుకొనేదీ, కాల్చిన తరువాత బయటికి లాగేదీ ఆ అంచుతోనే. కనుక ముందు అడుగు కుదరాలి. పై గోడలను మాత్రం ఇత్తడి ఒప్పుకున్నంత మేరకు నొక్కవచ్చు, సాగదీయవచ్చు, వెడల్పు చేయవచ్చు.

ఇత్తడి ఎంతవరకు ఒప్పుకుంటుందో పెంబర్తిలోనో బుడితిలోనో కంచరివానిని అడిగితే చెబుతాడు. సుత్తి దెబ్బ పడినకొద్దీ రేకు బిరుసెక్కుతుంది. ఇక సాగనని మొరాయిస్తుంది. అప్పటికీ కొడితే పగులుతుంది. అందుకని మధ్యమధ్య కొలిమిలో కాల్చి మెత్తబరచాలి. తూటా కర్మాగారంలో జరిగేదీ ఇదే. సుమారు 70 పాళ్ళు రాగి, 30 పాళ్ళు యశదం కలిసిన ఇత్తడి బిళ్ళను ముందు చిన్న గిన్నెగా వంచుతారు. కాల్చి మెత్తబరచి సాగదీస్తారు. మళ్ళీ కాల్చి మళ్ళీ సాగదీస్తారు. అడుగును మాత్రం గట్టిగా ఉంచుతారు, ఎందుకంటే పేలుడు దెబ్బను కాచుకొనేది అదే. చివరికి భుజమూ మెడా నొక్కుతారు.

ఆ చివరి నొక్కుడులోనే ఒక ప్రమాదం దాగి ఉన్నదని ప్రపంచానికి తెలిపినది మన వానాకాలమే. పందొమ్మిదవ శతాబ్దంలో భారతదేశంలోని బ్రిటిష్ దళాలు వర్షాకాలంలో తూటాలను గుర్రపుసాలలలో దాచేవి. ఎండలు వచ్చి పెట్టెలు తెరిస్తే, ఎవరూ ముట్టని, ఎన్నడూ కాల్చని తూటాల మెడలు పగిలి కనిపించేవి. కాలాన్ని బట్టి వచ్చే జబ్బులా తోచి దీనికి ‘సీజన్ క్రాకింగ్’ అని పేరు పెట్టారు. అసలు కారణాన్ని 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు వివరించారు. గుర్రాల మూత్రం నుంచి వెలువడే అమోనియా తేమగాలిలో కలిసి ఇత్తడిని తాకుతుంది. మెడ నొక్కినప్పటి ఒత్తిడి లోహంలో ఇంకా మిగిలి ఉంటే, ఆ చోటనే పగులు తీస్తుంది. మందు సులువైనదే. మెడ నొక్కిన తరువాత మరొకసారి సన్నని సెగ చూపితే ఒత్తిడి విడిపోతుంది.

జైలు కాపలాదారు తుపాకీ

1888లో బ్రిటిష్ సైన్యం చేపట్టిన 303 తూటా మన దేశంలో ‘త్రీ నాట్ త్రీ’గా పేరు మోసింది. దాని గొట్టం పొడవు సుమారు 56 మిల్లీమీటర్లు. అడుగున అంచు ఉంటుంది. నడుము లావుగా ఉండి, భుజం దగ్గర తగ్గి, సన్నని మెడతో ముగుస్తుంది. దీనిని కాల్చే లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిళ్ళను కలకత్తాకు ఉత్తరాన హుగ్లీ ఒడ్డున ఇషాపూర్ కర్మాగారంలో తయారు చేసేవారు. 1857లో మంగళ్ పాండే నిలుచున్న బారక్‌పూర్ అక్కడికి కొద్ది మైళ్ళ దూరమే.

ఆ ఇషాపూర్ కర్మాగారమే 1858 నాటి ఉపాయాన్ని మళ్ళీ బయటికి తీసింది. పోలీసులకూ జైలు కాపలాదారులకూ తుపాకులు కావాలి, సైన్యపు రైఫిల్ మాత్రం వారి చేతికి ఇవ్వరాదు. అందుకని అరిగిపోయిన 303 రైఫిళ్ళ గొట్టాలలోని గాళ్ళను తొలిచి, కన్నాన్ని 0.410 అంగుళానికి పెంచి నున్నగా చేశారు. పది తూటాలు పట్టే పెట్టె ఉండవలసిన చోటును చెక్కముక్కతో పూడ్చారు. ఇక కాపలాదారు ఒక్కొక్క తూటాయే చేత్తో పెట్టుకొని కాల్చాలి.

దీనికి కొత్త తూటా కావాలి కదా. కొత్తది అన్న మాటేగాని, అది పాతదే. 303 గొట్టాన్ని తయారుచేస్తూ, ఆఖరున మెడ నొక్కకుండా తిన్నగా వదిలివేస్తే ఎలా ఉంటుందో ఆ 410 తూటా దాదాపు అలాగే ఉంటుంది. అదే అడుగు, అదే అంచు. మెడ మాత్రం లేదు. అందులో ఒక సీసపు గుండో, కొన్ని రవ్వలో కూరేవారు. దగ్గరలో ఉన్న మనిషిని కొట్టడానికి అది చాలు. దూరాన ఉన్న సైనికుడికి ఎదురు నిలవడానికి చాలదు. మరొక సంగతి కూడా ఉన్నది. మెడ లేని ఆ తూటా 303 రైఫిల్‌లో పట్టదు. ఒకవేళ కాపలాదారుల తూటాలు తిరుగుబాటుదారుల పాలైనా, సైన్యం నుంచి దొంగిలించిన రైఫిల్‌కు అవి పనికిరావు.

ఈ లెక్క ఎంత నిర్దయగా పనిచేస్తుందో తెలుగువారికి మన్యం చెప్పింది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీద వరుసగా దాడి చేసి 26 తుపాకులనూ, సుమారు 2,500 తూటాలనూ పట్టుకుపోయింది. ప్రాణాల జోలికి పోక ఆయుధాలు మాత్రమే తీసుకున్న దాడులవి. అడవిలో విల్లు విరిగితే మరొక కొమ్మ దొరుకుతుంది. బాణం పోతే మరొక బాణం చెక్కుకోవచ్చు. తూటా మాత్రం ఏ చెట్టుకూ కాయదు. సరైన కొలత తూటా అయిపోయిన క్షణాన ఎంత గొప్ప తుపాకీ అయినా చేతికర్రతో సమానం. 1924 మే 7న రాజు బలియైన తరువాత, పట్టుబడిన అనుచరులలో కొందరు సముద్రం దాటి అండమాన్ జైలుకు చేరారు.

దీవుల వారి లోహవిద్య

ఒక పనికి పుట్టిన లోహాన్ని మరొక పనికి మలచుకోవడం ఈ దీవులకు ఇంగ్లీషువారు నేర్పిన విద్య కాదు. అండమాన్ ఆదివాసులకు ముడిఖనిజం కరిగించే కొలిమి లేదు. అయినా ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల శిథిలాల నుంచి ఇనుము ఏరుకొని, సెగ తగలకుండానే రాతితో కొట్టి, అరగదీసి, బాణపు ములుకులూ బాడిసెలూ చేసుకొనేవారు. ఓడ మేకు వారి చేతిలో పందిని కొట్టే ములుకైనది.

పల్లెలు లోయలలోకి పాకినకొద్దీ జార్వాల వేటనేల కుదించుకుపోయింది. వారు రాత్రివేళ గుడిసెల మీద పడి ఇనుప సామాను పట్టుకుపోయేవారు. వాకిట పెట్టిన కొడవలి, గిన్నె, గునపం, ఏదైనా సరే వారికి అది ములుకు కాగల లోహమే. అటు తుపాకీ, ఇటు ములుకు. ఈ రెండింటి నడుమ అడవి అంచున బతికిన ఖైదీ రైతు ఎవరికి భయపడాలో తెలియక రెండింటికీ భయపడ్డాడు. జార్వాల అడవిని 1957లో రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. దశాబ్దాలపాటు ఎవరినీ దరిచేరనివ్వని జార్వాలు 1997 తరువాతనే తమంతట తాము విల్లు దించి ఊళ్ళవైపు వచ్చారు.

1981 ఆగస్టులో ‘ప్రిమ్‌రోజ్’ అనే సరుకు ఓడ ఉత్తర సెంటినెల్ దీవి దగ్గర పగడపు దిబ్బకు తగులుకొని చిక్కుబడిపోయింది. ఒడ్డున ఆయుధాలతో గుమిగూడిన మనుషులను చూసి నావికులు బెదిరి, తుపాకులు పంపమని వార్త పంపారు. చివరికి వారిని హెలికాప్టరులో తీసుకుపోయారు. ఓడ అక్కడే మిగిలింది. దాని ఇనుము సెంటినెలీల బాణాలకు ములుకులైనదని తరువాత తెలిసింది.

రెండవ ప్రపంచయుద్ధం ఈ దీవులకు ఇంకొక వింత తెచ్చింది. 1942 మార్చి 23న జపాన్ బలగాలు పోర్ట్ బ్లెయిర్‌లో దిగాయి. జపాన్ పదాతిసైన్యమూ జపాన్ నౌకాదళమూ ‘7.7 మిల్లీమీటర్లు’ అని ఒకే పేరుతో వాడిన తూటాలు ఒకటి కావు. నౌకాదళపు మెషిన్‌గన్ తూటా బ్రిటిష్ 303కు అచ్చమైన నకలు. అదే అంచు, అదే మెడ. పదాతి సైనికుడి తూటాకు బయటికి పొడుచుకువచ్చే ఆ అంచు లేదు. అంటే శత్రువైన బ్రిటిష్‌వాడి తూటా నౌకాదళపు మెషిన్‌గన్‌లో సరిగ్గా కుదురుతుంది, సొంత దేశపు పదాతి తూటా కుదరదు. ఏ తూటా ఎవరిదో చూసుకొనే అవకాశం చావబోయేవాడికి ఉండదు. 1944 జనవరి 30న దక్షిణ అండమాన్‌లోని హంఫ్రీగంజ్ వద్ద 44 మంది భారతీయులను గూఢచారులన్న నిందమీద జపాన్‌వారు కాల్చి చంపారు. వారిలో ఎక్కువమంది భారత స్వాతంత్ర్య సంఘానికి చెందినవారే.

అడుగున మిగిలే అచ్చు

1945లో ఖైదీల వలస అధికారికంగా ముగిసింది. ఇషాపూర్ 410 తుపాకీ మాత్రం వెంటనే విశ్రమించలేదు. స్వతంత్ర భారతంలోనూ చాలాకాలం పోలీసు ఠాణాలలో, జైలు గేట్ల దగ్గర కనిపించింది. ఏలిక మారినంత మాత్రాన ఏలిక చేసిన కొలత వెంటనే మారదు.

ఆ తుపాకులలో అనేకం తరువాత విదేశాలలో పాతసామాను సేకరించేవారి ఇళ్ళకు చేరాయి. వాటికి తూటాలు బజారులో సులువుగా దొరకవు. ఆ వ్యసనం ఉన్నవారు ఇప్పుడు చేసే పని కర్మాగారం నాడు చేసినదానికి సరిగ్గా తలకిందులు. మెడ ఉన్న 303 గొట్టాన్ని తీసుకొని, మెడను విప్పి, తిన్నని 410 గొట్టంగా మార్చుకుంటారు. ఇత్తడి బిరుసెక్కి ఉంటే మెడ వద్ద నిలువునా చీలుతుంది. మెత్తబరచి ఉంటే ఒదిగి వస్తుంది. కంచరివాని సూత్రం అక్కడా అదే. మన దేశంలో ఇది ఇంటి వినోదం కాదు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారు చేయడం నేరం. 303 సామాన్య పౌరుడికి నిషిద్ధమైన బోర్. ఇక్కడి వేటగాళ్ళకు, పంట కాపాడుకొనే రైతులకు సర్కారు కర్మాగారాలు 315 రైఫిల్ చేసి ఇచ్చినది కూడా సైన్యపు తూటా, పౌరుడి తూటా ఒకటి కాకూడదన్న పాత లెక్క వల్లనే.

కొలత మారినా తూటా అడుగున కొట్టిన అచ్చు చెరగదు. ఏ కర్మాగారమో, ఏ ఏడాదో చెప్పే చిన్న అక్షరాలవి. గొట్టాన్ని నొక్కినా, విప్పినా, సాగదీసినా ఆ అక్షరాల జోలికి ఎవరూ పోరు. ఏళ్ళ తరబడి సముద్రగాలికి చిలుము పట్టినా, బట్టతో తుడిస్తే మళ్ళీ కనిపిస్తాయి.

దక్షిణ అండమాన్ పల్లెలూ ఇంచుమించు అలాంటివే. ఖైదీల సంతతివారు ఇక్కడ తమను ‘లోకల్ బోర్న్’ అని చెప్పుకుంటారు. 1921 మలబారు తిరుగుబాటులో శిక్ష పడి వచ్చిన మాప్పిళ్ళలు తాము దిగిన చోట్లకు మంజేరి, తిరూర్, కాలికట్ అని పుట్టినూళ్ళ పేర్లే పెట్టుకున్నారు. 1949 నుంచి తూర్పు బెంగాల్ శరణార్థులు వచ్చారు. రాంచీ ప్రాంతపు ఆదివాసులు అడవిపనికి వచ్చారు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి తెలుగువారు చేపల వేటకూ కూలికీ వచ్చి నిలదొక్కుకున్నారు. 2011 జనాభా లెక్కల నాటికి ఈ దీవుల జనంలో దాదాపు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. వీరందరూ వీధిలో మాట్లాడుకొనేది హిందీలో. ఖైదీ మనుమడు, శరణార్థి మనుమరాలు పెళ్ళాడితే కులం అడిగేవారు ఇక్కడ తక్కువ. కాలం వీరికి సన్నని సెగ చూపింది. నొక్కినప్పటి ఒత్తిడి చాలావరకు విడిపోయింది.

సాయంత్రం వాన వెలిసిన తరువాత చౌల్దారీలో పోకచెట్ల మీది నుంచి నీళ్ళు ఇంకా రాలుతూనే ఉంటాయి. బడి విడిచిన పిల్లలు గొడుగులు ముడిచి రోడ్డు దాటుతారు. పట్టణానికి పోయే బస్సు ఆగుతుంది, కదులుతుంది. ఇక్కడ ఈనాడు ఎవరి చేతిలో ఎంత దూరం పోయే తుపాకీ ఉండాలన్న తర్జనభర్జన లేదు. గుడారాన్ని తలపించే ఆ పేరు మాత్రం తూటా అడుగున అచ్చులాగా ఊరికి అలాగే ఉండిపోయింది.